ఫోర్కు మీద పసుపు

గ్యాస్ టార్చి వెలిగించడం, ఇత్తడి కరిగించి అతకడం ఎవరైనా ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. చేసిన పనికి భయపడటం నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏడేళ్లు పట్టింది. అది కూడా నా అంతట నేను నేర్చుకోలేదు. పాలకీడులో గొర్రెలు పెంచుకునే ఒక ఇంటి ఇల్లాలు, చేతిలో పసుపు గిన్నెతో నాకు నేర్పింది.

సూర్యాపేటలో నన్ను దేవదానం మేస్త్రీ అంటారు. సైకిలు ఫ్రేములు, ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టి ఉంచే ఫోర్కులు అతికే పని నాది. 2014లో దుకాణం మూశాను. ఈ మధ్య కొందరు కుర్రవాళ్లు ఇంటికి వచ్చి, పాత స్టీలు రేసు సైకిళ్ల పని నేర్చుకుంటాం, ఏమైనా చెప్పమంటున్నారు. ఆ సైకిళ్లకు మళ్లీ మోజు వచ్చిందట. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఎన్ని సైకిళ్లు బాగుచేశానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. ఒక్క ఫోర్కు సంగతి చెబుతాను. అది అర్థమైతే మిగతాది మీకే వస్తుంది. అర్థం కాకపోతే దయచేసి వేరే పని చూసుకోండి.

సోమయ్య మేస్త్రీ చెప్పిన రెండు మాటలు

నేను పని నేర్చుకున్నది మిర్యాలగూడలో, సోమయ్య మేస్త్రీ దగ్గర. ఆయన దుకాణానికి వచ్చేవన్నీ మోటు సైకిళ్లు. నిడమనూరు, హాలియా వైపు నుంచి పాల క్యాన్లు మోసేవి, మిల్లుల దగ్గర బియ్యం బస్తాలు మోసేవి. వాటి గొట్టాలు బొటనవేలి గోరుకు రెండింతలు మందం ఉండేవి. విరిగితే ఎర్రగా కాల్చి, వెలిగారం చల్లి, ఇత్తడి కడ్డీ కరిగించి అతికేవాళ్లం. కాలిన వెలిగారం గాజులా గట్టిపడి అతుకు మీద కూర్చుంటుంది. దాన్ని గీకి తీయాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది. అందుకు మేస్త్రీ దగ్గర ఒక ఉపాయం ఉండేది.

"వేడి మీదనే బకెట్ల ముంచురా. సుయ్యిమంటది, పెంకు ఊడిపోతది, పని ఖతం," అనేవాడు.

నిజంగానే ఊడిపోయేది. ఆ మోటు గొట్టాలకు దానివల్ల ఏ హానీ జరగలేదు. వేల సార్లు ముంచి ఉంటాను.

ఆయన చెప్పిన రెండో మాట ఇది. "గిరాకి ముంగట తప్పు ఒప్పుకున్నవనుకో, రేపటి సంది వాడు నీ దుకాణం దిక్కు మళ్లడు. ఇనుముది తప్పు అను. ఇనుము నోరిప్పదు."

సోమయ్య మేస్త్రీ నాకు అన్నం పెట్టాడు. జ్వరమొస్తే దవాఖానకు మోసుకుపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆయన చెప్పిన మొదటి మాట సగం తప్పు, రెండోది పూర్తిగా తప్పు. గురువు మీద గౌరవం ఉండాలి, సరే. ఆయన ఏ ఇనుముతో పనిచేశాడో కూడా మీకు గుర్తుండాలి.

ఇటలీ ఇనుము

2003లో జనార్దన్ సార్ నా దుకాణానికి వచ్చాడు. కోదాడలో ఒక కాలేజీలో ఆటల మాస్టారు. సైకిలు పందేలంటే పిచ్చి. హైదరాబాదులో ఎవరో ముసలాయన దగ్గర నుంచి నాలుగు పాత రేసు సైకిళ్లు తెచ్చాడు. అవి ఇటలీలో తయారైనవి. ఒకప్పుడు అక్కడ జీతం తీసుకుని రోడ్డు పందేలు తొక్కేవాళ్లు వాడి వదిలేసినవట. ఒకదాని పై గొట్టం మీద ఎవరిదో పేరు, సగం చెరిగిపోయి ఉంది. ఎంత ప్రయత్నించినా చదవలేకపోయాం.

ఒకదాన్ని వేలితో ఎత్తి చూశాను. పాల సైకిలు సగం బరువు కూడా లేదు. గొట్టాన్ని గోటితో మీటితే గుడిగంటకు చివర మిగిలే మోతలాంటిది వచ్చింది. గొట్టం కొనల్లో కొంచెం మందం, నడుమ కాగితం. ఇంత పలచని ఇనుము మనిషిని ఎట్లా మోస్తుందో నాకు అర్థం కాలేదు. అడగలేదు. మేస్త్రీని కదా, అడిగితే పరువు పోతుందనుకున్నాను.

ఆ నాలుగింట్లో చిన్నది శ్రీలతకు వచ్చింది. పాలకీడు పిల్ల, గొర్రెల పెంపకం వాళ్ల ఇల్లు. నేరేడుచర్లలో చదువుకునే రోజుల్లో మామూలు సైకిలు మీద బస్సుతో పోటీపడేదట. సార్ చూసి చేరదీశాడు. రెండేళ్లలో జిల్లాలో ఆమె వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కగలిగిన ఆడపిల్ల లేదు.

వాళ్లమ్మ ఎల్లమ్మ ప్రతి పందేనికి ముందు ఆ సైకిలుకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేది. తడి పసుపు హ్యాండిల్ కింది బేరింగు కప్పుల్లోకి పోయి గోళీలను పట్టేసేది. ప్రతిసారీ నేనే విప్పి కడగాలి. ఒకసారి తల్లీ కూతుళ్లిద్దరూ దుకాణానికి వచ్చినప్పుడు అరికాలి మంట నెత్తికెక్కి కసురుకున్నాను.

"గిదేమన్న పెండ్లిపిల్లనా అమ్మా, పసుపు పూయనీకి?"

ఎల్లమ్మ తడబడలేదు. "మా గొర్లకు పూస్తం, గొడ్డలికి పూస్తం, దీనికి పూయొద్దా మేస్త్రన్నా? నా బిడ్డ పానమంత దీని మీదనే ఉన్నది."

శ్రీలత నవ్వింది. నేను గుడ్డ పట్టుకుని గొణుక్కుంటూ తుడిచాను.

బకెట్టు

2005 దసరాకు ఆరు వారాల ముందు శ్రీలత పడింది. హుజూర్‌నగర్ దగ్గర బర్రె అడ్డమొచ్చింది. ఆమెకు మోచేతులు దోక్కుపోయాయి, సైకిలు ముందు ఫోర్కు ఎడమ కాలు మడత పడింది. దసరా తర్వాత ఆదివారం మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా పందెం ఉంది. మొదటి ముగ్గురిని క్రీడల కోటాలో ఉద్యోగానికి పరీక్షకు పిలుస్తారు. ఆమెకు వయసు పరిమితి ఆ ఏడాదితో అయిపోతుంది.

"మామా, ఇది బాగైతదా?" అని అడిగింది.

"ఎందుకు కాదు?" అన్నాను.

ఇంకో విరిగిన రేసు ఫోర్కు నుంచి మంచి కాలు కోసి తెచ్చాను. రెండు కాళ్లూ కలిసే ఫోర్కు తలకు అమర్చి, ఇత్తడితో అతికాను. అతుకు అందంగా వచ్చింది. ఆ సంతోషంలో, చేతికి ఉన్న అలవాటు కొద్దీ, ఎర్రగా ఉన్న ఫోర్కును పట్టుకుని బకెట్లో ముంచాను.

సుయ్యిమంది. ఆ చప్పుడు లోపల ఇంకో చప్పుడు వినిపించింది. చిన్నది. టిక్ మని.

పెంకు ఊడిన చప్పుడే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే ఏమీ కనిపించలేదు. తుప్పు పట్టకుండా కాళ్ల లోపల నూనె పోశాను, రంగు వేశాను, ఇచ్చేశాను.

ఇక్కడ కుర్రవాళ్లు జాగ్రత్తగా వినాలి. అతుకు పగిలిందో లేదో తేల్చడానికి ఒక పాత పరీక్ష ఉంది. కిరసనాయిలు రాసి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి అద్దాలి. పగులుంటే లోపలికి దిగిన కిరసనాయిలు మెల్లగా బయటికి ఊరి, సుద్ద మీద గీత కనిపిస్తుంది. అది నాకు తెలుసు. కిరసనాయిలు దుకాణంలోనే ఉంది, సుద్దముక్క తలుపు మీదే ఉంది. అయినా ఆ పరీక్ష చేయలేదు. గీత కనిపిస్తుందేమోనని చేయలేదు. నా తప్పుల్లో పెద్దది బకెట్టు కాదు, ఇది.

ఆరు వారాలు

పది రోజుల తర్వాత జనార్దన్ సార్ గొలుసు కోసం వచ్చాడు. మాటల్లో మాటగా, "ఈ పల్చటి గొట్టాలు అతికాక నీళ్లు తగలకూడదంటండి, గాలికే చల్లారాలంట. లేకపోతే గాజులా పెళుసెక్కిపోతాయంట. ఎవరో చెప్పారు," అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబుక్కున బకెట్టు వైపు చూశాను. "నాకు తెల్వదా సార్," అన్నాను.

ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. రోడ్డు మీద ఎవరు గట్టిగా బ్రేకు వేసినా బయటికి ఉరికి చూసేవాణ్ని. దుకాణంలో ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు. మా ఆవిడ, "ఏందయ్యా, తేలు కుట్టిన దొంగలెక్క అట్ల తిరుగుతున్నవ్," అంది. గ్యాస్ నొప్పి అన్నాను.

శ్రీలత బ్రేకు రబ్బర్లు మార్చుకోవడానికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మూసీ వంతెన దిక్కు దిగేటప్పుడు లారీని దాటిన మామా. ఫోర్కు మస్తు కుదిరింది."

"జర నిదానంగ పో బిడ్డా," అన్నాను.

"నిదానంగ పోతే రేసు ఎట్లయితది?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆ సైకిలు అప్పుడు నా చేతుల్లోనే ఉంది. ఒక్కరోజు ఉంచు బిడ్డా అంటే ఉంచేది. అనలేదు.

ఒకరోజు తెగించి బస్సెక్కాను. పాలకీడు పోయి చెప్పేద్దామని. నేరేడుచర్లలో దిగి, టీ తాగుతూ చెప్పాల్సిన మాటలు లోపల పేర్చుకున్నాను. అంతలో రోడ్డు మీద ఆమె నన్ను దాటి పోయింది. వంగి, తల దించి, గాలిలా పోయింది. సైకిలు చక్కగా ఉంది. ఇన్ని రోజులు ఆగింది కదా, ఇక ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. టీ గ్లాసు అక్కడ పెట్టి సూర్యాపేట బస్సెక్కాను. పిరికివాడికి ఎప్పుడూ ఒక కారణం దొరుకుతుంది.

మిర్యాలగూడ, ఆదివారం పొద్దున

పందెం రోజు మొదటి బస్సుకే మిర్యాలగూడ చేరాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. ఇంట్లో కూర్చోలేక పోయాను.

మిల్లుల దగ్గర రోడ్డు పక్కన సైకిళ్లన్నీ వరసగా నిలబెట్టారు. శ్రీలత వీపు మీద నంబరు గుడ్డకు పిన్నీసులు పెట్టించుకుంటోంది. ఆమె సైకిలు ఫోర్కు తల మీద, రెండు కాళ్ల మీద జానెడు మేర పసుపు. నడుమ కుంకుమ బొట్టు. దసరా నాడు పూసింది ఆరిపోయి పొడిగా ఉంది.

"మళ్లా పూసిందా మీ అమ్మ," అని అలవాటుగా కసిరి, భుజం మీది గుడ్డ తీసి వంగాను.

చెయ్యి ఆగిపోయింది. ఎడమ కాలు మీద, తలకు అంగుళం కింద, పసుపులో నల్లటి గీత. వెంట్రుకంత. గొట్టం చుట్టూ సగం దాకా ఉంది. వేలితో తాకితే జిడ్డుగా తగిలింది. నేను లోపల పోసిన నూనె పగులులోంచి ఊరి పసుపులోకి ఇంకింది. నేను భయపడి చేయని పరీక్షను ఎల్లమ్మ భక్తితో చేసింది.

"ఏమైంది మామా?"

"బిడ్డా, నువ్వు దీన్ని ఎక్కొద్దు."

జనార్దన్ సార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏంటి మేస్త్రీ, పది నిమిషాల్లో రేసు పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?"

గీత చూపించాను. ఆయన వంగి చూశాడు. "పాత ఇనుము కదండీ. ఇన్నేళ్లు ఎవరెవరు తొక్కారో ఏంటో. ఎక్కడో పగిలుంటుంది. ఈ ఒక్క పూట ఆగదా?"

ఆయనకు తెలియకుండానే నాకు తలుపు తీసి పెట్టాడు. పాత ఇనుము. అవును సార్ అంటే చాలు. సోమయ్య మేస్త్రీ నా చెవిలో కూర్చున్నట్టే ఉంది.

శ్రీలత నా ముఖంలోకే చూస్తోంది. "ఆగుతదా ఆగదా, నువ్వు చెప్పు మామా. ఆగుతదంటే పోత. నాకు వచ్చే ఏడాది లేదు."

"ఇనుముది కాదు బిడ్డా," అన్నాను. "నాది తప్పు. వేడి మీద నీళ్లల్ల ముంచిన. గీ ఇనుమును ముంచొద్దు. నాకు తెల్వక ముంచిన."

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. తెలియక చేశానని చెబితే సరిపోతుందనుకున్నాను.

"ముంచిన నాడే అనుమానమొచ్చింది," అన్నాను.

ఆమె వంగి ఆ గీత మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "ఆరు వారాల సంది నేను దీని మీదనే మూసీ దిగుతున్న."

తలెత్తలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను అని పుస్తకాల్లో రాస్తారే, ఆ పూట అది నాకు జరిగింది.

పేర్లు పిలుస్తున్నారు. ఆమె హ్యాండిల్ అందుకుంది. "ఆరు వారాలు ఆగింది. ఇంకో రెండు గంటలు ఆగదా? నేను పోత."

అప్పుడు నేను చేసిన పని ఒక్కటే నా జీవితంలో గర్వంగా చెప్పుకోగలిగింది. ఆమె చేతిలోంచి సైకిలు లాక్కున్నాను. ముందు బ్రేకు బిగబట్టి, నా బరువంతా హ్యాండిల్ మీద వేసి ఒక్క తోపు తోశాను. ఎండు కంది కట్టె విరిగినట్టు విరిగింది. ఫోర్కు కాలు పక్కకు వాలిపోయింది. శ్రీలత ఆ విరిగిన చోటు వంక చూస్తూ నిలబడింది.

సార్ తన సొంత సైకిలు ఇచ్చాడు. ఆయన ఆరడుగుల మనిషి. సీటు అడుగుదాకా దించినా ఆమె కాలివేళ్లే పెడళ్లకు అందాయి. ఆ సైకిలు మీద, రోడ్డంతా పిర్రలు ఇటూ అటూ కదుపుకుంటూ, కోదాడ దాకా తొక్కింది. అయిదో స్థానంలో వచ్చింది.

ముగ్గురినే పిలిచారు.

ఆ తర్వాత

ప్రాణం దక్కింది కదా అని అందరూ నాకు ధైర్యం చెప్పారు. జనార్దన్ సార్ కూడా అన్నాడు. నేను ఒప్పుకోను. ఆ టిక్ విన్న రోజే చెప్పి ఉంటే ఇంకో ఫోర్కు చూసేవాళ్లం, ఆరు వారాల టైం ఉండేది. చివరి పది నిమిషాల్లో చెప్పిన నిజం ఆమె ప్రాణం కాపాడింది, ఉద్యోగం మాత్రం పోయింది. నిజం చెప్పానని నన్ను మెచ్చుకోకండి. ఆలస్యంగా చెప్పానని గుర్తుపెట్టుకోండి.

రెండేళ్లు ఆమె నా దుకాణం గడప తొక్కలేదు. కోదాడలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరిందని విన్నాను. 2007లో ఒకరోజు ఆటోలోంచి దిగింది. అదే ఇటలీ ఫ్రేము, వేరే ఎక్కడో సంపాదించిన ఫోర్కు, చేతిలో ఒక చిన్న డబ్బా. ఫోర్కుకు అతుకు పని ఉంది. డబ్బా నా బల్ల మీద పెట్టింది. పసుపు.

"పని చెయ్యి. నూనె పొయ్యి. పసుపు పూసి రేపటి దాక ఉంచు. నేనొచ్చి సూస్త. నేను సూడకముందే తుడవకు."

"నేను చెప్తే నమ్మవా బిడ్డా?"

"నమ్మ," అంది.

నేను పని చేశాను. మర్నాడు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఫోర్కు చుట్టూ తిప్పి తిప్పి చూసింది. గీత లేదు. గుడ్డ తీసుకుని తానే తుడుచుకుని వెళ్లింది. తర్వాత బడి పిల్లల సైకిళ్లు కూడా తెచ్చేది. ప్రతిసారీ డబ్బా తెచ్చేది, ప్రతిసారీ తానే చూసేది.

అప్పటి నుంచి నా దుకాణంలో అతికిన ఏ ఫోర్కయినా లోపల నూనె, పైన పసుపుతో ఒక రోజు ఉండాల్సిందే. పాల సైకిలైనా సరే. బకెట్టు పగలగొట్టాను. సుద్ద వాడొచ్చు కదా అంటారు. వాడొచ్చు. నాకు మాత్రం పసుపే కావాలి, ఎవరి వల్ల నేర్చుకున్నానో మర్చిపోకుండా ఉండటానికి.

వరసగా పసుపు పూసిన ఫోర్కులు వేలాడటం చూసి ఒకసారి మా పాస్టరు అయ్యగారు దుకాణం ముందు ఆగాడు. "ఏంది దేవదానం, ఆయుధ పూజలు మొదలుపెట్టినవా?"

"పూజ కాదు అయ్యగారూ, భయం," అన్నాను.

ఆయన నవ్వి, దైవభయం మంచిదే అన్నాడు. నేను సరిదిద్దలేదు.

చివరి పని

2014 నాటికి నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. టార్చి పట్టుకునే చెయ్యి వణికితే ఇంకొకరి మెడ మీదికి వస్తుంది. మూసేస్తున్నానని అందరికీ చెప్పాను. ఆఖరి వారంలో శ్రీలత ఆ ఇటలీ సైకిలే తెచ్చింది. ఫోర్కు కింది కొనలో చిన్న అతుకు. ఎడమ చేత్తో కుడిచెయ్యి పట్టుకుని, ఊపిరి బిగబట్టి చేశాను. గాలికే చల్లారనిచ్చాను. నూనె పోశాను. బల్ల మీద డబ్బా కోసం చూశాను. లేదు.

"పసుపేది బిడ్డా?"

"ఎందుకు మామా ఇగ. నీ పని నాకు తెల్వదా?" అని సైకిలు వైపు చెయ్యి చాచింది.

తొమ్మిదేళ్లు ఆ మాట కోసమే ఎదురుచూశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా హ్యాండిల్ వదలలేదు.

"నువ్వు నమ్మినవ్. నేను నమ్మలే," అన్నాను. "గాడ కూసో."

ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు పోయి పసుపు పొట్లం తెచ్చాను. ఆమె చూస్తుండగానే కలిపి పూశాను. సైకిలు నా దగ్గరే వదిలి ఆమె కోదాడ బస్సెక్కింది.

తెల్లవారి వెళ్లి చూశాను. గీత లేదు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. లేదు. అయినా ఆమె వచ్చేదాకా ఆ పసుపు తుడవలేదు.